ఎనిమిదో లైన్‌మన్: ఎన్ఎఫ్ఎల్‌లో జట్లు మారుతూ బతికే ఆటగాడి ఉద్యోగం

అమెరికన్ ఫుట్‌బాల్ క్రమం తప్పకుండా చూసేవాళ్లలో కూడా మైక్ రెమ్మర్స్ పేరు తెలిసినవాళ్లు తక్కువే. తెలిసినవాళ్లకు గుర్తుండేవి రెండు మ్యాచ్‌లు. మొదటిది 2016 ఫిబ్రవరి 7న జరిగిన సూపర్ బౌల్ 50, అంటే అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఫైనల్. కరోలినా పాంథర్స్ కుడి ట్యాకిల్‌గా, అంటే లైన్ కుడి చివర అడ్డుకునేవాడిగా నిలబడిన రెమ్మర్స్‌ను డెన్వర్ ఆటగాడు వాన్ మిల్లర్ బయటి నుంచి చుట్టి దాటాడు. పాస్‌లు వేసే క్వార్టర్‌బ్యాక్ క్యామ్ న్యూటన్ చేతిలో ఉన్న బంతిని లాగేశాడు. గోల్ గీత అవతలి ఎండ్‌జోన్‌లోకి దొర్లిన బంతిని మలిక్ జాక్సన్ అందుకోవడంతో డెన్వర్‌కు టచ్‌డౌన్ (ఆరు పాయింట్లు) దక్కింది. నాలుగో క్వార్టర్‌లో మిల్లర్ అదే పని మళ్లీ చేశాడు. డెన్వర్ 24-10తో గెలిచింది, మిల్లర్ మ్యాచ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. సరిగ్గా ఐదేళ్లకు, 2021 ఫిబ్రవరి 7న, సూపర్ బౌల్ 55లో రెమ్మర్స్ కాన్సస్ సిటీ చీఫ్స్ తరఫున ఎడమ ట్యాకిల్. టాంపా బే ఆటగాళ్లు ప్యాట్రిక్ మహోమ్స్‌ను 29 సార్లు ఒత్తిడిలోకి నెట్టారు. సూపర్ బౌల్‌లో అప్పటికి అదే రికార్డు. చీఫ్స్ ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేక 31-9తో ఓడిపోయారు.

విచిత్రం ఏమిటంటే, ఆ రెండు రోజులూ గెలిచిన జట్లు రెండూ అంతకుముందు రెమ్మర్స్‌ను వదులుకున్నవే. కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2012లో ఏడు రౌండ్లూ అయిపోయినా ఏ జట్టూ ఎంచుకోని ఆటగాడిగా అతను మొదట చేరింది డెన్వర్‌లో. తర్వాత టాంపా బే, శాన్ డియేగో, మిన్నెసోటా, సెయింట్ లూయిస్. ఎక్కడా నిలవలేదు. 2014 అక్టోబర్‌లో సెయింట్ లూయిస్ ప్రాక్టీస్ స్క్వాడ్ (అసలు జట్టుకు బయట సాధనకు ఉంచుకునే ఆటగాళ్ల బృందం) నుంచి కరోలినా తీసుకెళ్లింది. ఆ సీజన్ చివర్లో కుడి ట్యాకిల్ స్థానం దక్కింది. మరుసటి ఏడాది 15 గెలుపులు, ఒక్క ఓటమి రికార్డు సాధించిన జట్టులో 16 మ్యాచ్‌లూ మొదటి నుంచి ఆడాడు. ఆ తర్వాత మళ్లీ మిన్నెసోటా, న్యూయార్క్ జెయింట్స్, కాన్సస్ సిటీ, 2022లో న్యూయార్క్ జెట్స్. ఓడిన రెండు ఫైనల్స్‌తో కొలిస్తే ఇది వైఫల్యంలా కనిపిస్తుంది. ఆ కొలత తప్పు. అతను చేసింది ఓ ప్రత్యేకమైన ఉద్యోగం. ఎవరో గాయపడిన రోజున, పెద్దగా సాధన లేకుండా, వేరొకరి చోటులో నిలబడటం. ఆ ఉద్యోగం ఎలా పుడుతుందో, దానికి ఎంత ఇస్తారో, అందులో మనిషి ఎక్కడ దెబ్బ తింటాడో లీగ్ నిబంధనలు చదివితేనే అర్థమవుతుంది.

48వ చోటు ఎవరిది

మైదానంలో లైన్‌మెన్ ఐదుగురు: ఎడమ ట్యాకిల్, ఎడమ గార్డ్, సెంటర్, కుడి గార్డ్, కుడి ట్యాకిల్. సెంటర్ బంతిని వెనక్కి అందిస్తాడు. మిగతా నలుగురూ అతనికి రెండు పక్కలా. పరుగు ఆటలో దారి తెరవడం, పాస్ ఆటలో క్వార్టర్‌బ్యాక్‌కు రెండున్నర మూడు సెకన్ల సమయం సంపాదించి పెట్టడం వీళ్ల పని. పాస్ అందుకునేవాళ్లు, డిఫెన్స్ ఆటగాళ్లు మ్యాచ్‌లో వంతులవారీగా మారుతూ ఉంటారు. లైన్‌మెన్ మాత్రం మారరు. బాగుంటే ఐదుగురూ మొదటి ఆట నుంచి చివరి ఆట వరకు అక్కడే ఉంటారు. అంటే ఆరో లైన్‌మన్‌కు మామూలు రోజున పనే ఉండదు. గాయం అయిన రోజున మాత్రం మ్యాచ్ మొత్తం అతని మీదే.

ప్రతి జట్టు రోస్టర్‌లో, అంటే అసలు జట్టు పట్టీలో, 53 మంది ఉంటారు. మ్యాచ్ రోజున వాళ్లందరూ ఆట దుస్తులు వేసుకుని దిగరు. 2020లో ఆటగాళ్ల సంఘానికీ లీగ్‌కూ కుదిరిన ఒప్పందం ప్రకారం 48 మందిని ఆడించవచ్చు. అయితే అందులో కనీసం ఎనిమిది మంది లైన్‌మెన్ ఉండాలి. ఏడుగురే ఉంటే 47 మందితో సరిపెట్టుకోవాలి. అంతకుముందు మొత్తం 46 మందే కాబట్టి చాలా జట్లు ఏడుగురు లైన్‌మెన్‌తో నెట్టుకొచ్చేవి. ఒకడు రెండు ట్యాకిల్ స్థానాలకూ పనికొచ్చేవాడు, ఇంకొకడు సెంటర్‌కూ గార్డ్‌కూ పనికొచ్చేవాడు. ఇప్పుడు ఎనిమిదో లైన్‌మన్‌ను పెట్టుకుంటే జట్టుకు ఒక చోటు ఉచితంగా వస్తుంది. ఈ చిన్న వాక్యం లీగ్‌లోని 32 జట్లలో ఎందరో మధ్యస్థాయి లైన్‌మెన్‌కు జీతం పెడుతోంది. ఆట పరిజ్ఞానం ఉన్నవాళ్లు కూడా దీన్ని అంతగా గమనించరు.

53 మంది కింద ప్రాక్టీస్ స్క్వాడ్ ఉంటుంది. 16 చోట్లు. అందులో ఆరు ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా ఇవ్వవచ్చు. ఆరు సీజన్లు ఆడి 30 దాటిన లైన్‌మన్ ప్రాక్టీస్ స్క్వాడ్‌లో కనిపించేది ఈ సడలింపు వల్లే. ప్రతి మ్యాచ్‌కు ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి ఇద్దరిని తాత్కాలికంగా పైకి తెచ్చుకోవచ్చు. ఒకే ఆటగాడిని మాత్రం సీజన్‌లో మూడుసార్లే అలా వాడుకోవాలి. నాలుగోసారి కావాలంటే 53లో చోటు ఖాళీ చేసి పూర్తి ఒప్పందం ఇవ్వాలి. అందుకే నాలుగో పిలుపు దగ్గర చాలామంది కథ మలుపు తిరుగుతుంది. జట్టు నిజంగా అతన్ని కోరుకుంటోందా, లేక శనివారం సాయంత్రం సంఖ్య నింపుకోవడానికి వాడుకుంటోందా అన్నది అక్కడ తేలిపోతుంది.

మరో జట్టు కావాలనుకుంటే ప్రాక్టీస్ స్క్వాడ్ ఆటగాడిని నేరుగా తీసుకెళ్లవచ్చు. అయితే తన 53లోనే చోటివ్వాలి, మూడు వారాల జీతానికి హామీ ఇవ్వాలి. వెళ్లాలా వద్దా అన్నది ఆటగాడి ఇష్టం. 2014లో రెమ్మర్స్‌కు కరోలినా ఇచ్చింది ఇలాంటి పిలుపే. సొంత జట్టు జీతం పెంచి ఆపుకునే ప్రయత్నం చేయవచ్చు, కొన్నిసార్లు చేస్తుంది కూడా.

జీతం లెక్క, దాని వెనకున్న మెలిక

2024 అంకెలు తీసుకుందాం. కొత్త ఆటగాడి కనీస జీతం ఏడాదికి 7,95,000 డాలర్లు. రెండు సీజన్ల అనుభవానికి 9,85,000. నాలుగు నుంచి ఆరు సీజన్ల వాడికి 11,25,000. ఏడు, ఆపైన 12,10,000. ప్రాక్టీస్ స్క్వాడ్‌లో కొత్తవాళ్లకు వారానికి 12,500 డాలర్లు. సీజన్ 18 వారాలు కాబట్టి 53లో ఉన్న కొత్త ఆటగాడికి వారానికి 44 వేల పైచిలుకు పడుతుంది, అనుభవజ్ఞుడికి 62,500. పైకి కిందికి ఒక్క వారం జరిగినా ఆదాయం మూడు రెట్లు అటూ ఇటూ అవుతుందన్నమాట. వార్షిక జీతం అని రాసుకున్నా అది వారపు కూలీయే. రోస్టర్‌లో ఉన్న వారానికే లెక్క. అదే ఏడాది టాంపా బే ట్యాకిల్ ట్రిస్టన్ వర్ఫ్స్ ఏడాదికి సగటున 2.8 కోట్ల డాలర్లకు పైగా వచ్చే ఒప్పందం చేసుకున్నాడు. ఒకే వరుసలో నిలబడే ఇద్దరి మధ్య తేడా పాతిక రెట్లు.

అనుభవం పెరిగేకొద్దీ కనీస జీతం పెరగడం ఆటగాడికి మేలు చేయాల్సిన నిబంధన. ఆచరణలో మాత్రం అది అతని మెడకే చుట్టుకునేది. ఎందుకంటే జట్టు మొత్తం జీతాలకు పరిమితి ఉంది. 2024లో అది 25.54 కోట్ల డాలర్లు. ఎనిమిదో లైన్‌మన్‌గా 12 లక్షల వాణ్ని పెట్టుకోవడం కంటే 8 లక్షల వాణ్ని పెట్టుకుంటే మిగిలే మొత్తం తక్కువేమీ కాదు. దీనికి విరుగుడుగా ఒక ఏర్పాటు వచ్చింది. నాలుగు సీజన్లు దాటిన ఆటగాడు కనీస జీతానికి, చిన్న బోనస్‌తో ఏడాది ఒప్పందం చేసుకుంటే, పరిమితి లెక్కలో అతని జీతాన్ని రెండేళ్ల అనుభవం వాడి జీతంగానే చూపిస్తారు. అంటే 12,10,000 తీసుకునేవాడు పుస్తకాల్లో 9,85,000 గానే కనిపిస్తాడు. ముప్పై దాటిన లైన్‌మెన్ వార్తల్లో పదేపదే కనబడే ‘ఏడాది ఒప్పందం’ వెనక ఎక్కువసార్లు ఉండేది ఈ సూత్రమే.

నాలుగు సీజన్లు అన్న గీత మరో విధంగా కూడా ముఖ్యం. ఒక సీజన్ లెక్కలోకి రావాలంటే కనీసం ఆరు మ్యాచ్‌ల కాలం పూర్తి జీతం మీద ఉండాలి. అలాంటివి నాలుగు పూర్తికానివాణ్ని జట్టు తీసేస్తే అతను వేవర్స్‌కు వెళతాడు. అంటే మిగతా 31 జట్లలో ఎవరైనా ఒక రోజు లోపల మాకు కావాలని కోరి, ఉన్న ఒప్పందంతో సహా తీసుకుపోవచ్చు. ఎక్కడికి వెళ్లాలో అతని చేతిలో ఉండదు. నాలుగు దాటినవాడు తీసేసిన వెంటనే స్వతంత్రుడు. నచ్చిన చోటికి వెళ్లవచ్చు. నవంబర్‌లో ఆటగాళ్ల బదిలీల గడువు దాటాక మాత్రం అందరూ వేవర్స్ దారినే పోవాలి.

ఆగస్టు చివర 90 మందిని 53కు తగ్గించే రోజున ఈ తేడా ఎలా పనికొస్తుందో చూడాలి. ఒక జట్టు దగ్గర గాయపడిన ఆటగాడు ఉన్నాడు, సీజన్ మధ్యలో తిరిగొస్తాడని నమ్మకం. చాలా ఏళ్ల పాటు ఉన్న నిబంధన ప్రకారం, అతన్ని ముందే గాయాల జాబితాలో వేస్తే ఆ సీజన్‌లో అతను ఇక ఆడలేడు. ఇప్పటికీ సడలింపు జట్టుకు ఇద్దరికే. కాబట్టి అతన్ని ఒక రోజు 53లో ఉంచి మర్నాడు జాబితాలోకి పంపాలి. ఆ ఒక్క రోజుకు చోటు ఎవరిది ఖాళీ చేస్తారు? వేవర్స్ భయం లేని అనుభవజ్ఞుడిది. ఎనిమిదో లైన్‌మన్‌ను పిలిచి, ‘ఈరోజు తీసేస్తున్నాం, రేపు మళ్లీ సంతకం పెట్టిస్తాం’ అని చెబుతారు. ఎక్కువసార్లు మాట నిలబెట్టుకుంటారు. కాగితం మీద ఏ హామీ ఉండదు. ఆ రాత్రి వేరే జట్టు వదిలేసిన ఇంకాస్త మంచి లైన్‌మన్ కంటపడితే ఫోన్ రాదు.

ఇంకో మెలిక మొదటి వారంలో ఉంది. నాలుగు సీజన్లు దాటిన ఆటగాడు మొదటి మ్యాచ్ నాటికి 53లో ఉంటే, తర్వాత తీసేసినా ఆ ఏడాది మిగతా జీతం అడిగే హక్కు ఉంటుంది, కెరీర్‌లో ఒక్కసారి. అందుకే జట్లు కొందరిని మొదటి వారం ఇంట్లో కూర్చోబెట్టి రెండో వారంలో పిలుస్తాయి. బయట నుంచి చూస్తే మొదటి మ్యాచ్‌లో ఎవరో గాయపడ్డారేమో అనిపిస్తుంది. చాలాసార్లు కారణం జీతం లెక్కే.

అంకె పెద్దదైనా దాన్ని నమ్మలేం. 2017లో మిన్నెసోటా రెమ్మర్స్‌కు ఐదేళ్లకు 3 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. రెండేళ్లకే 2019 మార్చిలో వదిలేసింది. ఇలాంటి ఒప్పందాల్లో మొదటి ఒకటి రెండేళ్ల డబ్బే గట్టిది, మిగతాది జట్టు ఇష్టం. ఐదేళ్ల ఒప్పందం అని పత్రికలు రాసినప్పుడల్లా దాన్ని రెండేళ్లుగా చదువుకుంటే సగం గందరగోళం తీరుతుంది. వెంటనే జెయింట్స్‌తో అతను చేసుకున్నది ఏడాదికి 25 లక్షల డాలర్ల ఒప్పందం.

మంగళవారం పరీక్ష, బుధవారం పాఠం

సీజన్‌లో మంగళవారం ఆటగాళ్లకు సెలవు. అదే రోజున ఉద్యోగం లేని లైన్‌మెన్‌కు పరీక్ష. సోమవారం రాత్రి ముగ్గురు నలుగురిని విమానంలో రప్పిస్తారు. ఉదయం వైద్య పరీక్ష ఉంటుంది: మోకాళ్లు, చీలమండలు, భుజాలు, వెన్ను. తర్వాత మైదానంలో పావుగంట, ఇరవై నిమిషాలు. కోచ్ ఎదురుగా నిలబడితే వెనక్కి జరుగుతూ అడుగులు వేయడం, బ్యాగ్‌ను గుద్దడం, సెంటర్ అయితే షాట్‌గన్ దూరానికి, అంటే కొన్ని గజాలు వెనక నిలబడ్డ క్వార్టర్‌బ్యాక్‌కు, బంతి అందించడం. చివరికి తెల్లబోర్డు ముందు రక్షణ పథకాలు గీయించి ప్రశ్నలు అడుగుతారు. పరుగెత్తే వేగాన్ని ఎవరూ పట్టించుకోరు. బరువు ఎంత ఉన్నాడు, ఊపిరి నిలుస్తోందా, పథకం చెప్పగలడా, అంతే. నెల రోజులు ఇంట్లో ఉన్నవాడు 300 పౌండ్ల పైన బరువు నిలుపుకోవడం, అంటే 136 కిలోల పైన, చెప్పినంత తేలిక కాదు. చాలాసార్లు ఎవరితోనూ సంతకం పెట్టించరు. అవసరమైనప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో పేర్లు రాసి పెట్టుకోవడమే ఆ పరీక్ష ఉద్దేశం.

సంతకం అయితే మర్నాడే సాధన. బుధవారం మొదటి రెండు డౌన్‌ల ఆటలు (పది గజాలు ముందుకు వెళ్లడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో ఒక్కొక్కటి ఒక డౌన్), గురువారం మూడో డౌన్, శుక్రవారం గోల్ దగ్గరి ఆటలు. చాలా జట్ల వారం ఇలాగే సాగుతుంది. ఇక్కడే అసలు ఇబ్బంది. సాధనలో ఆటలు దాదాపు అన్నీ మొదటి ఐదుగురికే. మిగతా లైన్‌మెన్ స్కౌట్ టీమ్‌గా నిలబడి, కార్డుల మీద గీసిన ప్రత్యర్థి జట్టు ఆటలను సొంత డిఫెన్స్‌కు చూపిస్తారు. అంటే ఎనిమిదో లైన్‌మన్ వారమంతా వేరే జట్టు ఆట ఆడతాడు. ఆదివారం పిలుపు వస్తే సొంత జట్టు ఆట ఆడాలి. అది అతను సాధన చేసింది కాదు, రాత్రి ట్యాబ్లెట్ మీద చదువుకున్నది.

సూత్రాలు ఏ జట్టులోనైనా ఒకటే. లైన్ సగం ఒక పక్కకు జరుగుతుంది, మిగతా సగం ఎదుటివాణ్ని మనిషికి మనిషిగా పట్టుకుంటుంది. మధ్యలో ఉన్న లైన్‌బ్యాకర్ (ఎదుటి లైన్ వెనక నిలబడే డిఫెన్స్ ఆటగాడు) ఎవరో సెంటర్ వేలెత్తి చూపిస్తాడు, లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. మారేది పేర్లు. ఒక జట్టులో కుడివైపు జరగడానికి రిప్ అంటారు, ఇంకో జట్టులో రామ్ అంటారు. ఎడమకు లిజ్, లయన్. ఇలాంటి పిలుపులు వందల్లో ఉంటాయి. కొత్త పేరు విని, పాత పేరులోకి మార్చుకుని, అప్పుడు కాలు కదిపితే అర సెకను ఆలస్యం. ఎదురుగా ఉన్నవాడికి ఆ అర సెకను చాలు.

అందుకే ఎవరు పిలుస్తారన్నది అనుకోకుండా జరిగేది కాదు. 2019లో జెయింట్స్ జనరల్ మేనేజర్ డేవ్ గెటిల్‌మన్. రెమ్మర్స్ కరోలినాలో ఆడినప్పుడు అక్కడి జనరల్ మేనేజర్ కూడా ఆయనే. అప్పటి జెయింట్స్ హెడ్ కోచ్ ప్యాట్ షుర్మర్, 2017లో మిన్నెసోటాలో రెమ్మర్స్ ఆడిన ఆఫెన్స్‌ను నడిపినవాడు. మరుసటి ఏడాది రెమ్మర్స్ వెళ్లింది ఆండీ రీడ్ దగ్గరికి. షుర్మర్ ఫిలడెల్ఫియాలో పదేళ్లు పనిచేసింది రీడ్ కిందే. అతని జట్ల పట్టీ చూస్తే దేశమంతా తిరిగినట్టుంటుంది కానీ, చివరి మజిలీల్లో అతను తిరిగింది ఒకే పాఠశాల గదుల్లో. జట్లు మారే లైన్‌మన్ ఎక్కువ కాలం నిలవాలంటే కండ కంటే ఇదే ముఖ్యం. ఒక లైన్ కోచ్‌కో, ఆట పథకాలు నడిపే ఒక కోఆర్డినేటర్‌కో నచ్చాలి. వాళ్లు ఉద్యోగాలు మారినప్పుడల్లా వెంట రాగలగాలి.

ఎడమ, కుడి

కుడి ట్యాకిల్ పాస్ ఆటలో కుడికాలిని వెనక్కి తన్నుతూ జరుగుతాడు. బలం ఎడమ కాలి నుంచి వస్తుంది. బయటి చెయ్యి కుడిది. ఎడమ ట్యాకిల్‌కు ఇదంతా అద్దంలో తిరగబడుతుంది. ఇండియాలో ఇరవై ఏళ్లు బండి నడిపినవాడు డాలస్‌లో దిగిన మర్నాడే రద్దీ హైవే ఎక్కినట్టు. నియమాలు తెలుసు, బుర్ర చెబుతూనే ఉంటుంది, చెయ్యి మాత్రం తప్పు వైపు వెళుతుంది. గార్డ్ పని వేరే రకం. చుట్టూ చోటు తక్కువ, ఎదుటివాడు దగ్గరగా ఉంటాడు, మొదటి అడుగులోనే గుద్దుకుంటారు. చేతుల పొడవు తక్కువైనా చెల్లుతుంది. ట్యాకిల్‌కు 33, 34 అంగుళాల చేతులు కావాలంటారు, ఎందుకంటే బయట పరుగెత్తుకొచ్చేవాణ్ని ముందుగా అందుకోవాలి. సెంటర్ పని ఇంకా కష్టం. తడి బంతిని చూడకుండా వెనక్కి పంపుతూ, అదే క్షణంలో 300 పౌండ్ల మనిషిని ఎదుర్కోవాలి. పరాయి స్టేడియంలో హోరు ఎక్కువై మాట వినపడనప్పుడు గార్డ్ తట్టే సైగతో బంతిని వెనక్కి పంపాలి. సెంటర్‌గా కూడా ఆడగల గార్డ్‌కు ఉద్యోగం త్వరగా దొరికేది ఇందుకే.

రెమ్మర్స్ సెంటర్ తప్ప నాలుగు స్థానాల్లోనూ ఆడాడు. కరోలినాలో 2016లో మైకల్ ఓహర్ తలదెబ్బతో దూరమైతే కుడి నుంచి ఎడమ ట్యాకిల్‌కు జరిగాడు. మిన్నెసోటాలో 2017 ప్లేఆఫ్స్‌లో ఎడమ గార్డ్, 2018లో కుడి గార్డ్. జెయింట్స్‌లో మళ్లీ కుడి ట్యాకిల్. ఇలా ఎక్కడైనా నిలబడగలగడమే అతన్ని లీగ్‌లో నిలిపింది. ధర పెరగకుండా ఆపింది కూడా అదే. ఒకే స్థానంలో ఏళ్ల తరబడి అడుగులు పదును పెట్టుకునేవాడితో, ఏటా చోటు మారేవాడు ఎప్పటికీ సమానం కాలేడు.

సూపర్ బౌల్ 55ను ఈ కోణంలో చూడాలి. చీఫ్స్ కుడి ట్యాకిల్ మిచెల్ ష్వార్జ్ వెన్నునొప్పితో సీజన్ మధ్యలోనే దూరమయ్యాడు, ఆ స్థానంలోకి రెమ్మర్స్ వచ్చాడు. గార్డ్ కెలెచి ఒసెమెలె మోకాళ్లు పోయాయి. స్వయంగా డాక్టర్ అయిన లొరాన్ దువెర్నె-టార్డిఫ్ కోవిడ్ రోగుల సేవకని ఆ సీజన్ ఆడనేలేదు. ఫైనల్‌కు ముందు మ్యాచ్‌లో ఎడమ ట్యాకిల్ ఎరిక్ ఫిషర్ మడమ వెనకుండే అకిలీస్ స్నాయువు తెగింది. అప్పుడు కుడి ట్యాకిల్ రెమ్మర్స్ ఎడమకు జరిగాడు. కుడి గార్డ్ ఆండ్రూ వైలీ కుడి ట్యాకిల్ అయ్యాడు. వైలీ చోటులోకి స్టెఫెన్ విస్నెవ్‌స్కీ వచ్చాడు. పోయింది ఒక్కడు, మారింది మూడు స్థానాలు. లైన్‌మెన్ పని పక్కవాడితో జోడీగా సాగుతుంది. ఎదుటివాళ్లు ఇద్దరు అడ్డంగా స్థానాలు మార్చుకుని దాడి చేస్తే, గార్డ్, ట్యాకిల్ మాట్లాడుకోకుండానే ఒకరిని ఒకరికి అప్పగించుకోవాలి. ఆ అప్పగింత వారాల సాధనతో వచ్చేది. రెండు వారాల్లో రాదు.

అయితే నేరం మొత్తం ఆ ఐదుగురి మీద వేయడం అన్యాయం. బలహీనమైన ట్యాకిల్‌ను కాపాడే మార్గాలు కోచ్‌లకు బాగా తెలుసు. టైట్ ఎండ్‌ను (లైన్ చివర నిలబడి, అడ్డుకోనూగల, పాస్ అందుకోనూగల ఆటగాడు) పక్కన నిలబెట్టి ముందుగా ఒక దెబ్బ వేయించడం, బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌ను వెనక ఉంచడం, బంతిని త్వరగా వదిలించడం, పరుగు ఆటలు పెంచడం. ప్రతిదానికీ ఖర్చు ఉంది. సాయానికి ఒకడు ఆగితే పాస్ అందుకోవడానికి ఒకడు తగ్గుతాడు. టాంపా బే చాలావరకు నలుగురితోనే దాడి చేసి ఏడుగురిని వెనక ఉంచింది, కాబట్టి చీఫ్స్‌కు ఆ ఒకడు కూడా కావాల్సివచ్చాడు. కోచ్‌లు రక్షణను తగ్గించి పాస్ ఆటనే నమ్ముకున్నారు. ఆ నిర్ణయపు ఫలితం ఎడమ ట్యాకిల్ పేరు మీద రాసుకుపోయింది. అంతకు ఐదేళ్ల ముందు మిల్లర్‌తో రెమ్మర్స్‌ను ఒంటరిగా వదిలినప్పుడూ అంతే. అందులో రెమ్మర్స్ లోపం కూడా కొంత ఉంది, కాదనలేం. వేగంగా చుట్టి వచ్చేవాడి ముందు అతని పాదాలు ఎప్పుడూ కాస్త ఆలస్యమే. అలాంటి లోపం లేనివాడు ఆ ధరకు దొరకడు.

చీఫ్స్ ఆ తర్వాత చేసింది చూస్తే సమస్య ఎక్కడుందని వాళ్లు అనుకున్నారో తెలుస్తుంది. ఫిషర్‌ను, ష్వార్జ్‌ను ఇద్దరినీ వదిలేశారు. జో తూనీకి ఐదేళ్లకు 8 కోట్ల డాలర్ల ఒప్పందం, ఓర్లాండో బ్రౌన్ కోసం బదిలీ, డ్రాఫ్ట్‌లో క్రీడ్ హంఫ్రీ, ట్రే స్మిత్. అంత చేసినా రెమ్మర్స్‌ను మరో ఏడాదికి ఉంచుకున్నారు. ఫైనల్లో ఓడిన రాత్రి అభిమానులు రాసిన తీర్పుకూ, కోచ్‌లు వీడియో చూసి ఇచ్చుకున్న మార్కులకూ తేడా అంత ఉంటుంది.

ఆరోవాడిగా నిలబడితే

ఎనిమిదో లైన్‌మన్‌కు గాయాలు లేని రోజున కూడా దొరికే పని ఒకటుంది. పరుగు ఆటల్లో, గోల్ దగ్గర, అదనపు టైట్ ఎండ్‌గా నిలబడటం. 50 నుంచి 79 మధ్య నంబర్ వేసుకున్నవాడు పాస్ అందుకోకూడదు. అందుకోగల స్థానంలో నిలబడాలంటే ముందుగా రెఫరీ దగ్గరికి వెళ్లి చెప్పాలి, రెఫరీ ఆ నంబర్‌ను ప్రకటిస్తాడు. ఆరడుగుల తొమ్మిదంగుళాల డాన్ స్కిప్పర్‌కు డెట్రాయిట్‌లో ఇదే ముఖ్యమైన పనిగా ఉండేది. 2017లో డ్రాఫ్ట్ కాకుండా లీగ్‌లోకి వచ్చి, ఎన్నో జట్లు ఎక్కి దిగినవాడు. 2022 ఆగస్టులో డెట్రాయిట్ అతన్ని తీసేసి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో పెట్టింది. రెండో వారానికి గాయాల వల్ల ఎడమ గార్డ్‌గా మొదటి ఐదుగురిలోకి వచ్చాడు. పుట్టుకతో ట్యాకిల్ అయిన మనిషికి అలవాటు లేని చోటు. వాషింగ్టన్ మీద డెట్రాయిట్ గెలిచింది.

2023 డిసెంబర్ 30న డాలస్‌లో 20-19తో వెనకబడ్డ డెట్రాయిట్, టచ్‌డౌన్ తర్వాత దొరికే రెండు పాయింట్ల ప్రయత్నంలో ట్యాకిల్ టేలర్ డెకర్‌కు పాస్ వేసింది. అతను పట్టాడు. రెఫరీ మాత్రం అంతకుముందు ప్రకటించింది స్కిప్పర్ నంబర్ 70ని. చెప్పింది డెకరేనని డెట్రాయిట్ వాదన. ఆ పాయింట్లు చెల్లలేదు, మ్యాచ్ పోయింది. మ్యాచ్ పొడుగునా రెఫరీ దగ్గరికి పరుగెత్తి నంబర్ చెప్పుకునే పని ఎంత మామూలైపోయిందో, ఆ మామూలుతనమే తికమకకు ఎలా దారితీసిందో ఆ ఒక్క ఆట చూపించింది. 2024 డిసెంబర్‌లో బఫెలో మీద స్కిప్పర్ స్వయంగా టచ్‌డౌన్ పాస్ పట్టాడు. లైన్‌మన్ కెరీర్‌లో అలాంటి పండుగ చాలామందికి ఒక్కటీ రాదు.

శరీరం, ఒప్పందంలో శరీరం గురించి రాసినవి

లైన్‌మెన్‌కు వచ్చే గాయాల్లో చాలావాటికి తన తప్పు ఉండదు. వెనక నుంచి ఎవరో పడితే నేల మీద నాటుకున్న కాలు మెలితిరుగుతుంది. మోకాలి లోపలి లిగమెంట్, చీలమండ పైభాగం దెబ్బతినేది ఇలాగే. అందుకే చాలామంది రెండు మోకాళ్లకూ ఇనుప పట్టీలు కట్టుకుంటారు. వేళ్లు తొలగడం లెక్కలోకే రాదు, టేపు చుట్టుకుని ఆడతారు. వెన్ను మాత్రం మెల్లగా తినేస్తుంది.

చిన్న ఆటగాళ్ల ఒప్పందాల్లో తరచుగా రెండు జీతాలు రాసి ఉంటాయి: 53లో ఉంటే ఒకటి, గాయాల జాబితాలోకి వెళితే అంతకంటే బాగా తక్కువైనది. శిక్షణ శిబిరంలో గాయపడితే జట్టు ఇన్ని వారాల జీతం అని బేరం కుదుర్చుకుని విడిపించేస్తుంది. ఎన్ని వారాల్లో కోలుకుంటాడన్న వైద్యుడి అంచనా ఆ బేరానికి ఆధారం. తక్కువ వారాలకు ఒప్పుకుంటే త్వరగా వేరే జట్టు వెతుక్కోవచ్చు. ఎక్కువ వారాలు పట్టుబడితే డబ్బు వస్తుంది కానీ అక్టోబర్ దాకా ఇల్లే. ఇక్కడ మంచి ఏజెంట్ ఉంటే తేడా కనిపిస్తుంది. ఏజెంట్ తీసుకోగలిగింది గరిష్ఠంగా 3 శాతం. ఇంత చిన్న ఒప్పందాల మీద అది పెద్ద మొత్తం కాదు కాబట్టి, పెద్ద ఏజెంట్ల ఆఫీసుల్లో ఈ ఆటగాళ్ల ఫోన్లు ఎత్తేది ఎక్కువగా సహాయకులే.

కనీసం మూడు మ్యాచ్‌ల కాలం రోస్టర్‌లో ఉంటే పింఛను లెక్కకు ఒక సీజన్. అలాంటివి మూడు ఉంటే పింఛను హక్కు వస్తుంది. డిసెంబర్‌లో ఒక జట్టు చివరి మూడు వారాలకు పిలిచినప్పుడు, ఓడిపోతున్న జట్టయినా సరే, వెళ్లడానికి కారణం కొందరికి ఇదే.

ఈ ఉద్యోగాలు తగ్గుతాయా? ఇప్పట్లో కాదు. శిబిరంలో పూర్తి ప్యాడ్‌లతో సాధన 16 రోజులకు మించకూడదు. సీజన్ మొత్తంలో 14 సార్లే, అందులో 11 మొదటి 11 వారాల్లో వాడేయాలి. ఆటగాళ్ల శరీరాలకు మేలు చేసిన నిబంధనే ఇది. కానీ లైన్ పని ఒకరినొకరు నిజంగా గుద్దుకుంటే తప్ప రాదు. కాలేజీల్లో బంతి త్వరగా వదిలే ఆటలే ఎక్కువ కావడంతో కుర్రవాళ్లు మూడు సెకన్లు నిలబడటం అంతగా నేర్చుకోకుండానే వస్తున్నారు, ఇక్కడ నేర్పే సమయమూ లేదు. దాంతో గాయం అయినప్పుడు కోచ్‌లు రెండో ఏడాది కుర్రవాడి కంటే పథకాలు తెలిసిన పాతవాడి వైపే చూస్తారు. 2022లో జెట్స్‌కు మెకై బెక్టన్ శిబిరంలోనే గాయంతో దూరమయ్యాడు. డ్వేన్ బ్రౌన్, జార్జ్ ఫాంట్, కొత్త ఆటగాడు మ్యాక్స్ మిచెల్ ఒకరి వెంట ఒకరు గాయాల జాబితాకెక్కారు. అప్పుడు వాళ్లు పిలిచినవాళ్లలో 33 ఏళ్ల రెమ్మర్స్ ఒకడు.